నార్మండీ: ఒక రేవు ఆవిరి ఇంజను శ్రమచరిత్ర, పరిరక్షణ

వ్యాససంగ్రహం

ఇంగ్లండులోని సౌతాంప్టన్ నౌకాశ్రయంలో సరకు వ్యాగన్లను అటూ ఇటూ మార్చడానికి 1893లో తయారైన చిన్న ఆవిరి ఇంజను నార్మండీ. అర్ధశతాబ్దానికి పైగా రేవులో పనిచేసి, ఆ తరువాత ఒక బొగ్గు వర్తక సంస్థ చేతికి వెళ్లి, చివరకు పరిరక్షణ రైల్వేకు చేరిన ఈ యంత్రం జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. దీని తరగతికి చెందిన 25 ఇంజన్లలో రెండు మాత్రమే మిగిలాయి. ఆ రెండూ ఏ కారణాల వల్ల మిగిలాయి, మిగిలినవి గతాన్ని ఎంతవరకు ప్రతినిధీకరించగలవు అనే ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: సౌతాంప్టన్, రేవు రైల్వే, బి4 తరగతి, నార్మండీ, గ్రాన్‌విల్, పారిశ్రామిక వారసత్వం, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

రైల్వే చరిత్ర రచనలో పెద్ద ఇంజన్లకు పెద్దపీట దక్కింది. వేగంలో రికార్డు నెలకొల్పినవి, రాజకుటుంబాల రైళ్లను లాగినవి, సుదూర నగరాలను కలిపినవి పుస్తకాలకెక్కాయి. నౌకాశ్రయాల్లో, కర్మాగారాల ఆవరణల్లో, గనుల వద్ద నడక వేగంతో పనిచేసిన చిన్న ఇంజన్లకు ఆ గౌరవం దక్కలేదు. అయితే సరకు రవాణా వ్యవస్థ మొత్తం ఈ చిన్న ఇంజన్లమీదనే ఆధారపడింది. ఓడ నుండి దించిన సరకు దేశం లోపలికి ప్రయాణించాలంటే మొదటి అర మైలు దూరాన్ని దాటించవలసింది ఇవే. ఆ అర మైలులో పని ఆగితే వెనుకనున్న వందల మైళ్ల రైలు మార్గం ఉన్నా ఫలితం ఉండదు.

పరిరక్షణ విషయంలోనూ ఇదే అసమానత కనిపిస్తుంది. ఒక యంత్రం ప్రదర్శనశాలకు చేరిందంటే అది ముఖ్యమైనది కనుకనే చేరిందని సాధారణంగా భావిస్తారు. నార్మండీ విషయం ఆ భావనను ప్రశ్నిస్తుంది. ఈ ఇంజను ప్రసిద్ధి వల్ల మిగల్లేదు. దాని చివరి దశలో కూడా ఎవరికో ఒకరికి దానితో పని ఉండడం వల్ల మిగిలింది.

2. సౌతాంప్టన్ రేవు - రైల్వే యాజమాన్యం

సౌతాంప్టన్ నగరం టెస్ట్, ఇచెన్ నదుల సంగమస్థానంలో ఉంది. ఇక్కడ సముద్రపు పోటు ఎక్కువసేపు నిలుస్తుంది. పెద్ద ఓడల రాకపోకలకు ఇది ప్రకృతి ఇచ్చిన వసతి. 1836లో డాక్ కంపెనీ ఏర్పడింది. లండన్ నుండి సౌతాంప్టన్ వరకు రైలు మార్గం 1840 మేలో పూర్తయింది. ఆ మార్గాన్ని నిర్మించిన సంస్థే లండన్ అండ్ సౌత్‌వెస్టర్న్ రైల్వే. రైలు, రేవు ఇంచుమించు కవలల్లా పుట్టినా చాలాకాలం వేర్వేరు యాజమాన్యాల కింద ఉన్నాయి.

పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఓడల పరిమాణం పెరిగింది. లోతైన రేవులు కావలసివచ్చాయి. డాక్ కంపెనీ నిర్మించిన ఎంప్రెస్ డాక్‌ను 1890లో విక్టోరియా రాణి ప్రారంభించింది. దాని నిర్మాణానికి డాక్ కంపెనీ రైల్వే కంపెనీ నుండే అప్పు తీసుకోవలసివచ్చింది. తరువాతి విస్తరణకు కావలసిన పెట్టుబడిని సమకూర్చుకునే స్థితిలో ఆ కంపెనీ లేదు. ఫలితంగా 1892లో రైల్వే కంపెనీ మొత్తం రేవును సుమారు 13.6 లక్షల పౌండ్లకు కొనుగోలు చేసింది.

ఈ యాజమాన్య మార్పు వల్ల రేవు లోపలి పట్టాలపై పని ఎవరి ఇంజన్లతో జరగాలనే ప్రశ్నకు సమాధానం మారింది. అంతవరకు డాక్ కంపెనీకి సొంత ఇంజన్లు కొన్ని ఉండేవి. వాటిలో ఒకటైన క్లాసెంటమ్ పేరు ఆ ప్రాంతంలోని రోమన్ల కాలపు స్థావరానికి సంబంధించినది. రైల్వే కంపెనీ ఆ ఇంజన్లను తన లెక్కలో చేర్చుకుంది. అయితే పెరుగుతున్న పనికి అవి చాలవు. ఒకే నమూనాలో, ఎక్కువ సంఖ్యలో, తన సొంత కర్మాగారంలో తయారైన ఇంజన్లు దానికి కావలసివచ్చాయి.

3. బి4 తరగతి - నిర్మాణం

ఆ నమూనా అప్పటికే సిద్ధంగా ఉంది. సౌత్‌వెస్టర్న్ రైల్వే ప్రధాన ఇంజనీరు విలియం ఆడమ్స్ రూపొందించిన బి4 తరగతి ఇంజన్లు 1891లో లండన్‌లోని నైన్ ఎల్మ్స్ కర్మాగారం నుండి వెలువడ్డాయి. 1891 నుండి 1893 వరకు 20 ఇంజన్లు తయారయ్యాయి. ఆడమ్స్ తరువాత ఆ పదవిలోకి వచ్చిన డుగల్డ్ డ్రమండ్ కాలంలో, 1908లో, కొన్ని మార్పులతో మరో అయిదు చేరాయి. మొత్తం 25. వీటిలో 96వ సంఖ్య గల ఇంజను 1893 చివర్లో తయారై నార్మండీ అనే పేరు పొందింది.

ఈ ఇంజను ఆకృతి దాని పనిని చెప్పకనే చెబుతుంది. దీనికి నాలుగే చక్రాలు. నాలుగూ యంత్రశక్తితో తిరిగేవే. ముందూ వెనకా భారం మోసే వేరే చక్రాలు లేవు. చక్రం వ్యాసం 3 అడుగుల 9¾ అంగుళాలు. రెండు ఇరుసుల నడుమ దూరం 7 అడుగులు. రేవులో పట్టాలు గోదాముల మూలల చుట్టూ, ఓడ నిలిచే గట్టు వెంట తీవ్రమైన వంపులతో సాగుతాయి. ఇరుసుల మధ్య దూరం ఎక్కువగా ఉన్న ఇంజను ఆ వంపుల వద్ద చక్రపు అంచును పట్టాకు ఒరిపి, దాన్ని పక్కకు నెడుతుంది, లేదా పట్టా తప్పుతుంది. పొట్టి ఇంజనుకు ఆ ఇబ్బంది తక్కువ.

సిలిండర్లు చట్రానికి బయటి వైపున ఉంటాయి. వాటి వ్యాసం 16 అంగుళాలు, పిస్టను కదలిక 22 అంగుళాలు, బాయిలరులో ఆవిరి పీడనం చదరపు అంగుళానికి 140 పౌండ్లు. ఈ కొలతల నుండి లెక్కిస్తే ఇంజను లాగుడు శక్తి సుమారు 14,650 పౌండ్లు. ఇంజను బరువు ఇంచుమించు 33½ టన్నులు, అంటే దాదాపు 75,000 పౌండ్లు. బరువు లాగుడు శక్తికి అయిదు రెట్లకు కొంచెం ఎక్కువన్నమాట. చక్రం పట్టాపై జారకుండా లాగాలంటే ఈ నిష్పత్తి కీలకం. తడిసిన పట్టాలపై, నిశ్చలస్థితి నుండి రోజుకు ఎన్నోసార్లు బయలుదేరవలసిన రేవు ఇంజనుకు ఇది మరింత అవసరం. బరువంతా యంత్రశక్తితో తిరిగే చక్రాల మీదనే ఉండడం వల్ల చిన్న ఇంజను కూడా పెద్ద భారాన్ని కదిలించగలిగింది. వేగం దాని లక్ష్యం కాదు.

నీటి తొట్లు బాయిలరుకు ఇరువైపులా అమరి ఉంటాయి. వేరే టెండరు లేకపోవడంతో ముందుకూ వెనక్కూ సమానంగా నడవగలదు. రేవుకు కేటాయించిన ఇంజన్లలో డ్రైవరు నిలబడే భాగాన్ని నాలుగు వైపులా చూపు ఆనేలా ఎక్కువగా తెరచి ఉంచారు. కూలీలు, బండ్లు, క్రేనులు, ప్రయాణికులు కలగలిసి తిరిగే చోట చూపు అందకపోతే ప్రాణనష్టం తప్పదు. ఆ తెరచిన స్థలం ప్రజలకు రక్షణ అయింది, డ్రైవరుకు మాత్రం వానగాలిలో తడిసే పని అయింది. ఇంజను నమూనాలోనే ఎవరి భద్రతకు ఎవరు మూల్యం చెల్లించాలో నిర్ణయమై ఉండడం గమనించదగిన విషయం.

4. పేర్లు చెప్పే భూగోళం

రేవుకు చేరిన 14 బి4 ఇంజన్లకు పేర్లు పెట్టారు. జెర్సీ, గెర్న్‌సీ, ఆల్డర్నీ, హావ్రె, ట్రూవిల్, కాన్, సెయింట్ మాలో, ఆన్‌ఫ్లూర్, నార్మండీ, బ్రిటనీ, షెర్‌బూర్గ్, గ్రాన్‌విల్, డినార్డ్, డినాన్ అనేవి ఆ పేర్లు. ఇవన్నీ ఇంగ్లిష్ ఛానెల్‌లోని దీవులవి, ఆవలి తీరంలోని ఫ్రెంచి పట్టణాలవి, ప్రాంతాలవి. సౌత్‌వెస్టర్న్ కంపెనీకి రైళ్లతో పాటు సొంత ఓడలు కూడా ఉండేవి. ఆ ఓడల గమ్యస్థానాలు, ఆ గమ్యాలకు చేరువలోని ఊళ్లు ఈ పేర్లలో కనిపిస్తాయి.

క్లాసెంటమ్ వంటి పాత పేరు స్థానిక గతాన్ని స్మరించింది. నార్మండీ వంటి కొత్త పేరు కంపెనీ వ్యాపార విస్తృతిని ప్రకటించింది. రేవు గేటు దాటి ఎన్నడూ విదేశానికి వెళ్లని ఇంజన్లు విదేశపు పేర్లతో గట్టుమీద తిరిగాయి. ఈ మార్పును యాజమాన్య మార్పుకు గుర్తుగా భావించవచ్చు. నగరానికి చెందిన రేవు ఇప్పుడు ఒక రవాణా సామ్రాజ్యంలో ఒక అంగమైంది.

5. రేవులో పని

1892 తరువాత సౌతాంప్టన్ ఎదుగుదల వేగంగా సాగింది. 1893లో అమెరికన్ లైన్ తన ఓడలను లివర్‌పూల్ నుండి ఇక్కడికి మార్చింది. 1899 నుండి 1902 వరకు సాగిన బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికాకు సైన్యం ఇక్కడి నుండే పెద్దయెత్తున తరలింది. వైట్ స్టార్ లైన్ 1907లో తన న్యూయార్క్ సర్వీసును ఇక్కడికి తెచ్చింది. దాని భారీ ఓడల కోసం తవ్విన డాక్ 1911లో వాడుకలోకి వచ్చింది. 1912 ఏప్రిల్ 10న టైటానిక్ బయలుదేరింది ఆ డాక్ నుండే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ రేవు బ్రిటన్ సైన్యానికి ప్రధాన నౌకారోహణ కేంద్రంగా పనిచేసింది.

ఈ ఘటనలన్నింటికీ అడుగున నిరంతరం సాగిన పని ఒకటుంది. ఖాళీ వ్యాగన్లను గట్టు మీదికి తేవడం, నిండినవాటిని యార్డుకు చేర్చడం, గోదాముల మధ్య మార్చడం, ఓడలకు కావలసిన సరంజామాను వాటి పక్కకు చేర్చడం ఆ పని స్వరూపం. నగరంలోని కెన్యూట్ రోడ్డు రైల్వే టర్మినస్‌కూ రేవుకూ మధ్యగా సాగుతుంది. ఆ రోడ్డును దాటే రైళ్ల ముందు జెండా పట్టుకున్న మనిషి నడిచేవాడు. రైలు వేగం మనిషి నడకకు లోబడి ఉండడం ఈ దృశ్యంలోని విశేషం.

డ్రైవరు, ఫైర్‌మన్, పాయింట్లు మార్చేవారు, కొక్కేలు తగిలించేవారు అనే జట్టు లేనిదే ఇంజను కదలదు. కదులుతున్న రెండు వ్యాగన్ల మధ్య కొక్కేలు తగిలించడం ప్రమాదభరితమైన పని. ఓడ ఏ వేళకు వచ్చినా, ఏ వేళకు పోటు వచ్చినా పని మొదలుకావలసిందే. కనుక ఈ ఇంజన్ల దినచర్యను రైళ్ల సమయపట్టిక కంటే సముద్రం ఎక్కువగా నిర్ణయించింది. నార్మండీ ఫలకంపై నేడు కనిపించే పేరు ఒక ఫ్రెంచి ప్రాంతానిది. దానిపై పనిచేసిన మనుషుల పేర్లకు ఎక్కడా ఫలకం లేదు.

1923లో బ్రిటన్‌లోని రైల్వే కంపెనీల విలీనంతో నార్మండీ సదరన్ రైల్వే ఆస్తి అయింది. టెస్ట్ నది ఒడ్డున సముద్రాన్ని పూడ్చి నిర్మించిన కొత్త డాక్‌లు 1934 నాటికి పూర్తయ్యాయి. వాటి చివర నిర్మించిన భారీ మరమ్మతు డాక్‌ను 1933లో ప్రారంభించారు. రేవు పొడవు పెరిగింది, వ్యాగన్ల బరువు పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 చివర్లో నగరంపై తీవ్రమైన బాంబుదాడులు జరిగాయి. 1944లో నార్మండీ తీరంపై మిత్రరాజ్యాల దాడికి సౌతాంప్టన్ ప్రధాన స్థావరాల్లో ఒకటి. ఆ తీరం పేరును ఇంజను అప్పటికి 50 ఏళ్లుగా మోస్తోంది.

6. స్థానభ్రంశం

యుద్ధం ముగిసేనాటికి బి4 ఇంజన్లు అలసిపోయాయి. కొత్త ఇంజన్లను తయారుచేయడానికి కాలమూ ధనమూ కొరతగా ఉన్నాయి. యుద్ధ అవసరాల కోసం అమెరికా సైన్యం తయారుచేయించిన ఆరు చక్రాల చిన్న ఇంజన్లు అప్పటికి బ్రిటన్‌లో నిరుపయోగంగా నిలిచి ఉన్నాయి. సదరన్ రైల్వే 1946లో ఒకదాన్ని పరీక్షించి, ఆ తరువాత మొత్తం 14 ఇంజన్లను సౌతాంప్టన్ రేవులో ప్రవేశపెట్టింది. 1947 నాటికి బి4 ఇంజన్లు రేవును విడిచాయి. యుద్ధం కోసం తయారైన యంత్రం, యుద్ధం తరువాత పాత యంత్రపు పనిని లాక్కుంది.

1948లో జాతీయకరణతో నార్మండీ సంఖ్య 30096 అయింది. కొన్ని బి4 ఇంజన్లను వెంటనే తొలగించారు. మిగిలినవి వించెస్టర్ సరకు యార్డు, గిల్డ్‌ఫర్డ్ షెడ్డు వంటి చిన్న వంపులున్న చోట్ల పనిచేశాయి. 1962లో 14 డీజిల్ ఇంజన్లు రాగా, అమెరికన్ ఇంజన్లు కూడా రేవు పని నుండి తప్పుకున్నాయి. వాటి రేవు జీవితం సుమారు 15 ఏళ్లు. నార్మండీది 50 ఏళ్లకు పైబడినది. అయినా 1963లో నార్మండీని కూడా బ్రిటిష్ రైల్వేస్ తన సేవ నుండి తొలగించింది.

7. రెండు దారులు: బొగ్గు రేవు, సెలవుల శిబిరం

1963లో ఈ తరగతికి చెందిన రెండు ఇంజన్లు రెండు వేర్వేరు దారుల్లో తుక్కు కొలిమిని తప్పించుకున్నాయి. వీటిని పక్కపక్కన పెట్టి చూడడం ఉపయోగకరం.

మొదటిది 102వ సంఖ్య గల గ్రాన్‌విల్. సెలవుల శిబిరాల వ్యాపారి బిల్లీ బట్లిన్ ఆ కాలంలో తన శిబిరాల్లో ఆకర్షణగా నిలపడానికి పాత ఆవిరి ఇంజన్లను కొన్నాడు. వాటిలో రాయల్ స్కాట్ వంటి ప్రసిద్ధ ఇంజన్లున్నాయి. గ్రాన్‌విల్ స్కెగ్‌నెస్ శిబిరానికి చేరింది. 1971లో నార్‌ఫోక్‌లోని బ్రెసింగ్‌హామ్ ఆవిరి ప్రదర్శనశాలకు మారింది. పనిని విడిచి దృశ్యంగా మారడం ద్వారా గ్రాన్‌విల్ మిగిలింది.

రెండోది నార్మండీ. దీన్ని సౌతాంప్టన్‌లోనే, ఇచెన్ నది ఒడ్డున డిబుల్స్ వార్ఫ్ అనే గట్టుపై బొగ్గు వ్యాపారం చేసే కోరాల్స్ సంస్థ కొనుగోలు చేసింది. దాని పేరును కోరాల్ క్వీన్‌గా మార్చింది. ఈ కొనుగోలులో వారసత్వ భావన లేదు. పొట్టి వంపులున్న ప్రైవేటు పట్టాలపై బొగ్గు వ్యాగన్లను మార్చడానికి తక్కువ ధరలో దొరికే సరైన యంత్రం కావాలనేదే కారణం. బొగ్గుతో నడిచే ఇంజనుకు బొగ్గు గట్టుపై ఇంధనానికి కొరత లేదు.

బ్రిటిష్ రైల్వేస్ దక్షిణ ప్రాంతంలో ఆవిరి శకం 1967 జూలైలో ముగిసింది. దేశవ్యాప్తంగా 1968 ఆగస్టులో ముగిసింది. నాటికి నార్మండీ ఇంకా తాను పుట్టుక నుండి పనిచేసిన నగరంలోనే, మరో యజమాని కింద ఉంది. ప్రధాన మార్గాలపై వేగంగా నడిచిన ఇంజన్లు వరుసల్లో నిలబడి తుక్కుకు పోతున్న కాలంలో ఈ చిన్న ఇంజను నిలవడానికి కారణం దాని చిన్నతనమే. 1972లో బుల్లీడ్ సొసైటీ అనే పరిరక్షకుల సంఘం దీన్ని కొని ససెక్స్ ప్రాంతంలోని బ్లూబెల్ రైల్వేకు తరలించింది.

8. పరిరక్షణ: ఏది అసలు?

బ్లూబెల్ రైల్వే 1960 ఆగస్టులో ప్రయాణికుల రైళ్లను ప్రారంభించింది. ప్రామాణిక గేజి పట్టాలపై ప్రయాణికుల కోసం ఔత్సాహికులు నడిపిన రైల్వేలకు ఇది మార్గదర్శి. ఇక్కడ నార్మండీ తన పాత పేరును తిరిగి పొందింది. ఈ పునఃనామకరణంతో ఒక సమస్య ఎదురవుతుంది. 1893 నుండి 1947 వరకు నార్మండీ, 1948 నుండి 1963 వరకు 30096, ఆ తరువాత కోరాల్ క్వీన్ - ఈ మూడింటిలో ఏది అసలు?

పరిరక్షకులు సాధారణంగా ఒక కాలాన్ని ఎంచుకుని, ఆ కాలపు రంగుల్లో, ఆ కాలపు పేరుతో యంత్రాన్ని నిలబెడతారు. ఆ ఎంపిక అనివార్యం. ఒకేసారి మూడు రంగులు వేయడం సాధ్యం కాదు. అయితే ఎంచుకున్న కాలం తరచు యంత్రం ఉజ్జ్వలదశే అవుతుంది. కోరాల్ క్వీన్ అనే పేరు అంత గంభీరంగా వినిపించకపోవచ్చు. కాని ఆ పేరుతో గడిపిన తొమ్మిదేళ్లే ఇంజనును బతికించాయి. ఆ దశను చెరిపివేస్తే, ఇంజను ఎందుకు మిగిలిందనే ప్రశ్నకు సమాధానమూ చెరిగిపోతుంది.

రెండో సమస్య వస్తువు స్వభావానికి సంబంధించినది. ఆవిరి ఇంజను ఏక వస్తువు కాదు. రైల్వే కర్మాగారాల్లో పెద్ద మరమ్మతుల సమయంలో ఒకే తరగతి ఇంజన్ల మధ్య బాయిలర్లు చేతులు మారడం సహజమైన పద్ధతి. చక్రాల పట్టీలు, గొట్టాలు, ఫైర్‌బాక్సు అరుగుతాయి, మారతాయి. ఇంజనుకు ఒక నిర్దిష్ట గుర్తింపు ఉందని చెప్పడం పుస్తకంలోని లెక్క మాత్రమే. ఈ దృష్టితో చూస్తే, పరిరక్షణలో కొత్త భాగాలు అమర్చడం మోసం కాదు. ఇంజను తన సేవాకాలంలో గడిపిన జీవితానికి అది కొనసాగింపు.

మూడో సమస్య నడపడమా నిలపడమా అన్నది. బ్రిటన్‌లో పరిరక్షణ రైల్వేలపై నడిచే ఇంజన్ల బాయిలర్లను సాధారణంగా పదేళ్లకొకసారి పూర్తిగా విప్పి పరీక్షించవలసి ఉంటుంది. దీనికయ్యే ఖర్చు పెద్దది. నార్మండీ వంటి ఇంజను ప్రయాణికుల రైలును ఎక్కువ దూరం లాగడానికి అనువైనది కాదు. సంపాదించగల ఇంజను మీద ఖర్చు పెట్టడం రైల్వేకు సహజం. అందువల్ల నార్మండీ చాలాకాలం నిశ్చల ప్రదర్శనగా నిలిచింది. ఏ ఉపయోగం దాన్ని తుక్కు నుండి కాపాడిందో, ఆ ఉపయోగం లేకపోవడమే ఇప్పుడు దాన్ని నిశ్చలంగా ఉంచింది.

నిలిచిన ఇంజను ఆకృతిని చూపగలదు, శ్రమను చూపలేదు. గట్టు లేదు, ఓడ లేదు, పోటు లేదు, జెండా మనిషి లేడు. 25 ఇంజన్లలో మిగిలిన రెండింటినీ చూసి రేవు శ్రమ ప్రపంచాన్ని ఊహించడం సాధ్యమే గాని, ఆ ఊహకు కంపెనీ రికార్డులు, ఛాయాచిత్రాలు, పనివారి జ్ఞాపకాల వంటి ఆధారాలు తోడుకావాలి.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. నార్మండీ నిర్మాణంలోని ప్రతి కొలత రేవు అవసరాల నుండి పుట్టింది. అది పెద్ద ఇంజనుకు తగ్గించిన రూపం కాదు, ప్రత్యేకమైన పనికి తగిన సాధనం.

2. 1892 నాటి యాజమాన్య మార్పు ఇంజన్ల సంఖ్యలోనే గాక పేర్లలో కూడా ప్రతిఫలించింది.

3. మిగిలిన రెండు బి4 ఇంజన్లలో గ్రాన్‌విల్ ప్రదర్శన వల్ల, నార్మండీ ఉపయోగం వల్ల మిగిలాయి. మిగిలినవే ముఖ్యమైనవన్న భావన ఈ రెండింటి విషయంలోనూ నిలవదు.

4. పరిరక్షణలో ఒక కాలాన్ని ఎంచుకోవడం అనివార్యమైనా, ఎంచుకోని కాలాలను వివరణలో చెప్పడం చరిత్రకారుల బాధ్యత.

5. యంత్రం మిగిలినంత మాత్రాన శ్రమచరిత్ర మిగిలినట్టు కాదు. ఇంజనుకు దక్కిన ఫలకం దాన్ని నడిపిన వారికి దక్కలేదు. ఆ లోటును పూరించగలిగేది పరిశోధన మాత్రమే.